నిక్సన్ వాంగ్మూలం, 297 పుటలు: చెన్నైలో ఒక విశ్రాంత స్టెనో అభిప్రాయం

అమెరికా మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ 1975 జూన్ 23, 24 తేదీల్లో వాటర్‌గేట్ గ్రాండ్ జ్యూరీ కోసం ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యాన్ని ఆ దేశపు నేషనల్ ఆర్కైవ్స్ ఎవరైనా ఉచితంగా చదువుకునేలా అంతర్జాలంలో ఉంచింది. ఆ సేవను నేను రెండు నెలలుగా వాడుతున్నాను. చెన్నై నగరంలోని సివిల్ కోర్టుల్లో ముప్పై ఒక్క ఏళ్లు స్టెనోగా పనిచేసి, సాక్షుల నోటి మాటను పిట్మన్ షార్ట్‌హ్యాండ్ గీతల్లోకి, ఆ గీతల నుంచి టైపు కాగితం మీదికి దించడమే వృత్తిగా బతికినవాణ్ణి కాబట్టి, చరిత్ర చదివేవారు సాధారణంగా పట్టించుకోని ఒకటి రెండు సంగతులు ఈ పుటల్లో నా కంట పడ్డాయి. ఈ సేవ నాకు ఇచ్చినదేమిటో, ఇవ్వలేనిదేమిటో తెలుగు పాఠకులకు, ముఖ్యంగా న్యాయశాస్త్రం చదువుతున్న పిల్లలకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. నా లెక్కలో దీనికి ఐదుకు నాలుగున్నర మార్కులు. ఆ తగ్గిన అర మార్కు ఎందుకో మధ్యలో వస్తుంది.

ఈ పుటల దగ్గరికి నేను తిన్నగా రాలేదు. న్యాయ పత్రాలు అందిస్తామని చెప్పే ఒక చందా సంస్థకు మొదట పన్నెండు వందల రూపాయలు కట్టాను. నిక్సన్ సాక్ష్యం అని వెతికితే అక్కడ దొరికింది ఆరు పేరాల సారాంశం. ఏ ప్రశ్నకు ఏ జవాబు వచ్చిందో అందులో లేదు; ఎవరో చదివి, తమకు ముఖ్యం అనిపించింది ఏరి, తమ మాటల్లో పెట్టారు. పూర్తి ప్రతి కావాలని రాస్తే, అది పై స్థాయి చందాదారులకేనని జవాబు వచ్చింది. పెరంబూరులో మా ఇంటికి సెలవులకు వచ్చిన మేనకోడలు, న్యాయశాస్త్రం మూడో ఏడు చదువుతున్న పిల్ల, నా అవస్థ చూసి, “మావయ్యా, ఇది అమెరికా ప్రభుత్వం దగ్గరే ఊరికే ఉంటుంది కదా, వీళ్లకు డబ్బెందుకు కట్టారు?” అని తన ల్యాప్‌టాప్ తెరిచింది. ఐదు నిమిషాల్లో మొత్తం ప్రతి మా ఇంట్లో ఉంది. పేరు నమోదు చేసుకోవాల్సిన అవసరం లేదు, నువ్వెవరివి, ఎందుకు అడుగుతున్నావు అన్న ప్రశ్న లేదు. నకలు కోసం దరఖాస్తు పెట్టి, స్టాంపులు అంటించి, నంబరు పిలుపు కోసం వరండాలో నిలబడే మనుషులను ఏళ్ల తరబడి చూసిన నాకు, ఆ ఐదు నిమిషాలు చాలా పెద్ద విషయంగానే తోచాయి.

ఆ సాక్ష్యం నేపథ్యం తెలియని వారి కోసం కొంత చెప్పాలి. 1972 జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ఉన్న డెమోక్రటిక్ పార్టీ కార్యాలయంలో దొంగతనంగా చొరబడినవారు పట్టుబడ్డారు. దాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం అధ్యక్షుడి గది దాకా వెళ్లిందని తేలి, నిక్సన్ 1974 ఆగస్టు 9న పదవి వదులుకున్నారు. ఆ తర్వాత నెల తిరక్కుండానే, సెప్టెంబరు 8న, కొత్త అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఆయనకు పూర్తి క్షమాభిక్ష ఇచ్చారు. ఆ క్షమాభిక్ష వల్ల నిక్సన్‌పై పాత నేరాలకు కేసు పెట్టే దారి మూసుకుపోయింది. అయితే దానితోపాటే మరో సంగతి జరిగింది: తన మాటే తనను జైలుకు పంపుతుందన్న భయం లేనప్పుడు, జవాబు చెప్పనని మౌనంగా ఉండే హక్కుకు కూడా ఆధారం ఉండదు. ప్రమాణం చేసి అబద్ధం చెబితే మాత్రం అది కొత్త నేరం, క్షమాభిక్ష దాన్ని కాపాడదు. ప్రాసిక్యూటర్లు ఆయనను ప్రశ్నించింది ఈ పరిస్థితిలోనే. అంతకుముందు ఏడాది కాలి రక్తనాళాల జబ్బుతో ఆయన శస్త్రచికిత్స చేయించుకుని ఉన్నారు కాబట్టి, వాషింగ్టన్‌లో కూర్చునే గ్రాండ్ జ్యూరీ నుంచి ఇద్దరు సభ్యులు, ప్రాసిక్యూటర్లతో పాటు, కాలిఫోర్నియాలోని సాన్ క్లెమెంటేకు ప్రయాణం చేసి వచ్చారు. ఆయన ఇంటి పక్కనే ఉన్న కోస్ట్ గార్డ్ కేంద్రంలో రెండు రోజులపాటు, మొత్తం పదకొండు గంటలు సాక్ష్యం నమోదైంది. మిగతా జ్యూరీ సభ్యులకు కూడా టైపు చేసిన పుటలే ఆధారం. అంటే చదివేవాడి కోసమే తయారైన ప్రతి ఇది.

గ్రాండ్ జ్యూరీ అంటే మన దగ్గర సరిసమానమైన వ్యవస్థ లేదు. నేరారోపణ చేయడానికి తగిన ఆధారం ఉందో లేదో తేల్చే పదహారు నుంచి ఇరవై ముగ్గురు సామాన్య పౌరుల బృందం అది. దాని పనంతా మూసిన తలుపుల వెనకే జరుగుతుంది. అక్కడ నడిచినది బయట పెట్టకూడదని వారి నేర విచారణ నియమాల్లో ఆరో నియమం చెబుతుంది. అందువల్ల 1975లో నమోదైన ఈ పుటలు, నిక్సన్ 1994 ఏప్రిల్‌లో చనిపోయిన తర్వాత కూడా, పెట్టెల్లోనే ఉండిపోయాయి. 2010లో స్టాన్లీ కట్లర్ అనే చరిత్రకారుడు, కొన్ని చరిత్రకారుల సంఘాలతో, ఆర్కైవ్ ఉద్యోగుల సంఘంతో కలిసి, పబ్లిక్ సిటిజన్ సంస్థ న్యాయవాదుల సాయంతో వాషింగ్టన్ జిల్లా కోర్టులో అర్జీ పెట్టారు. ప్రభుత్వ న్యాయ శాఖ వ్యతిరేకించింది. న్యాయమూర్తి రాయ్స్ లాంబెర్త్ 2011 జూలై 29న, అంత కాలం గడిచిన తర్వాత రహస్యం వల్ల ఒనగూడే మేలు కన్నా చరిత్రకు దక్కే ప్రయోజనమే ఎక్కువ బరువుందని తేల్చి, విడుదలకు ఆదేశించారు. ఆ ఏడాది నవంబరు 10న 297 పుటలు బయటికి వచ్చాయి. సాక్ష్యం చెప్పిన నాటికి, అది బయటికి వచ్చిన నాటికి మధ్య ముప్పై ఆరేళ్లు.

తెర మీద టైపు అక్షరాలు చదవడం నా కళ్లకు కష్టం కాబట్టి, మా వీధి చివరి జిరాక్స్ దుకాణంలో ప్రింటు తీయించాను. రెండు వైపులా అచ్చు, పుటకు రూపాయి చొప్పున 297 రూపాయలు, స్పైరల్ బైండింగ్‌కు అరవై. ఈ సేవ వాడటానికి నాకైన ఖర్చు మొత్తం ఇదే. ఫోనులో చదవాలనుకునే వారికి నా సలహా, ఆ ప్రయత్నం వద్దు. యాభై ఏళ్ల కిందటి టైపురైటరు పుటల బొమ్మలవి. చిన్న తెర మీద వేలితో పెద్దవి చేసుకుంటూ, అటూ ఇటూ జరుపుకుంటూ చదివితే, ప్రశ్న ఒక చోట, జవాబు మరొక చోట అయిపోయి మాట తెగిపోతుంది.

నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది ఆ ప్రశ్న గురించే. మన కోర్టుల్లో సాక్ష్యం ఎలా నమోదవుతుందో బయటివారికి సాధారణంగా తెలియదు. సాక్షిని న్యాయవాది ప్రశ్న అడుగుతాడు, సాక్షి జవాబు చెబుతాడు, కానీ కాగితం మీదికి వెళ్లేది ఆ రెండూ కలిపి న్యాయమూర్తి చెప్పిన వాక్యం. సాక్ష్యాన్ని మామూలుగా కథనం రూపంలోనే రాయాలన్నది మన విచారణ చట్టాల పద్ధతి. ఫలానా ప్రశ్న, దాని జవాబు ఉన్నవి ఉన్నట్టు రాయాలని న్యాయమూర్తికి అనిపించినప్పుడే అలా రాస్తారు. ఉదాహరణకు, “ఆ రోజు సాయంత్రం ఆరింటికి మీరు దుకాణం దగ్గరే ఉన్నారు కదా?” అని న్యాయవాది అడిగాడనుకుందాం. సాక్షి కాసేపు ఆగి, “ఉన్నానేమోనండీ, వాన పడుతోంది ఆ రోజు, సరిగ్గా గుర్తు లేదు” అన్నాడనుకుందాం. స్టెనో చేతికి వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: ఆ రోజు సాయంత్రం ఆరు గంటలకు నేను దుకాణం వద్ద ఉన్నదీ లేనిదీ నాకు గుర్తు లేదు. అబద్ధమేమీ లేదు. కానీ ‘ఉన్నానేమో’ పోయింది, వాన పోయింది, ఆగిన ఆ కాసేపు పోయింది, ‘దగ్గరే ఉన్నారు కదా’ అంటూ జవాబును తన వైపు లాగిన న్యాయవాది గొంతూ పోయింది. వాన గుర్తున్నవాడికి తాను ఎక్కడున్నాడో గుర్తు లేకపోవడం ఎలా సాధ్యమని పై కోర్టులో ఎవరైనా అడగాలన్నా, ఆ వానే కాగితం మీద లేదు. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం న్యాయవాది సాక్షిని ప్రశ్నించేటప్పుడు, వచ్చే ‘అని చెప్పడం సరికాదు’ అన్న వాక్యాలైతే నా జీవితంలో ఎన్ని వేలు టైపు చేశానో లెక్క లేదు. ప్రతి దాని వెనకా ఒక ప్రశ్న ఉండేది. పనిభారం మధ్య ఈ పద్ధతి ఎందుకు వచ్చిందో నాకు బాగా తెలుసు, దాన్ని తప్పు పట్టడం లేదు. అయినా అన్నేళ్లు నా కలం కిందినుంచి జారిపోయిన ఆ ప్రశ్నలన్నీ, నిక్సన్ పుటలు తెరిచేసరికి ఒక్కసారిగా గుర్తుకు వచ్చాయి.

ఎందుకంటే ఇక్కడ ప్రశ్న మొత్తం ఉంది. ప్రాసిక్యూటరు తడబడినది, మధ్యలో ఆపి తిరిగి మొదలుపెట్టినది, నిక్సన్ ప్రశ్నను తనకు అనువుగా తిప్పి చెప్పి ఆ తిప్పిన ప్రశ్నకు జవాబిచ్చినది, ప్రాసిక్యూటర్లతోనే వాదానికి దిగినది, అన్నీ ఉన్నాయి. మా మేనకోడలు ఒక పుట చదివి, “మావయ్యా, ఈయన జవాబు చెప్పాడా, ప్రశ్ననే మార్చేశాడా?” అని అడిగింది. ఆ సందేహం ఆ పిల్లకు కలగడానికి కారణం ప్రశ్న కాగితం మీద ఉండటమే. నేను చందా కట్టి చదివిన సారాంశంలో అదే భాగం ‘నిక్సన్ తనకు తెలియదని చెప్పారు’ అన్న ఒక్క ముక్కగా ఉంది. అధ్యక్షుడి సాక్ష్యం ప్రజలకు అందుబాటులో ఉంది అని ఎవరైనా అంటే, నేను ఇక మీదట అడిగేది ఒక్కటే: జవాబులతో పాటు ప్రశ్నలూ ఉన్నాయా?

విషయానికి వస్తే, ప్రశ్నలు ప్రధానంగా నాలుగు అంశాల చుట్టూ తిరుగుతాయి. నిక్సన్ తన కార్యాలయంలో రికార్డు చేయించిన సంభాషణల్లో, 1972 జూన్ 20 నాటి టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాలు చెరిగిపోవడం. అమెరికా దిగువ సభ న్యాయ సంఘానికి ఇచ్చిన టేపుల లిఖిత పాఠాల్లో మార్పులు జరిగాయన్న ఆరోపణ. ఆదాయపు పన్ను శాఖను రాజకీయ ప్రత్యర్థుల మీదికి ఉసిగొల్పడం. కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూజ్ నుంచి నిక్సన్ స్నేహితుడు బీబీ రెబోజోకు చేరిన లక్ష డాలర్లు. నేను ఎక్కువ సేపు ఆగింది మొదటి దాని దగ్గర. ఆ చెరిగిన భాగం ఎలా పోయిందో తనకు తెలియదని, అది పొరపాటున జరిగిందనే తన నమ్మకమని, అంత భాగం పోయిందని విన్నప్పుడు తనకు విపరీతమైన కోపం వచ్చిందని ఆయన అంటారు. ఇక్కడ ఒక స్టెనోకు కలిగే బాధ వేరు. మాట నమోదు చేయడమే పనిగా పెట్టిన యంత్రం నుంచి మాట పోయింది. ఆ పోయిన మాటలో ఏముందో చెప్పగలిగిన వాళ్లలో ఒకాయన ఎదుట కూర్చుని, గుర్తు లేదంటున్నారు. ఆ గుర్తు లేదన్న మాట ఈ 297 పుటల్లో పదే పదే వస్తుంది. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతి దాన్నీ నమ్మవచ్చు. వరుసగా చదివినప్పుడు మాత్రం, ఏ అంశం దగ్గర జ్ఞాపకం చురుగ్గా ఉందో, ఏ అంశం దగ్గర మందగించిందో పాఠకుడికి తనంతట తానే అర్థమవుతుంది.

మరొక సంగతి తేదీల వల్ల తట్టింది. నిక్సన్ పతనానికి కారణమైన టేపు, ఎఫ్‌బీఐ దర్యాప్తును సీఐఏ చేత ఆపించే ఆలోచనకు ఆయన ఒప్పుకున్న సంభాషణ, 1972 జూన్ 23 నాటిది. సాక్ష్యం మొదలైంది సరిగ్గా మూడేళ్ల తర్వాత అదే తేదీన. అది యాదృచ్ఛికమే అయినా, ఆ తేదీ పుట మీద చూసినప్పుడు కాసేపు చదవడం ఆపాను.

ఇప్పుడు ఆ అర మార్కు సంగతి. దేశ భద్రత పేరుతో కొన్ని భాగాలు మూసి ఉంచారు. అది ఆర్కైవ్స్ సొంతంగా చేసిన పనీ కాదు, చట్టం పెట్టిన హద్దు. అయినా వాక్యం మధ్యలో ఖాళీ వచ్చినప్పుడు, అర్ధ శతాబ్దం తర్వాత కూడా కాపాడవలసిన రహస్యం ఏమిటన్న ప్రశ్న పాఠకుడికి రాక మానదు. దీనికన్నా పెద్ద బాధ మరొకటి ఉంది. కట్లర్ అర్జీ ఏ దారిన గెలిచిందో ఆ దారి ఇప్పుడు మూసుకుంది. ఆరో నియమంలో రాసి ఉన్న మినహాయింపులు తప్ప, చారిత్రక ప్రాముఖ్యం పేరుతో గ్రాండ్ జ్యూరీ పత్రాలు విడుదల చేసే స్వతఃసిద్ధ అధికారం జిల్లా కోర్టులకు లేదని వాషింగ్టన్ అప్పీలు కోర్టు 2019 ఏప్రిల్‌లో మెకీవర్ కేసులో చెప్పింది. 2020 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ అప్పీలును విచారణకు స్వీకరించలేదు. ఒకవేళ కట్లర్ పదేళ్లు ఆలస్యంగా అర్జీ పెట్టి ఉంటే, మా ఇంట్లో ఈ స్పైరల్ బైండు పుస్తకం ఉండేది కాదు. కాబట్టి ఈ సేవను వాడేవారు ఇది ఎప్పుడూ ఉండే వసతి అనుకోవద్దు. ఒక మనిషి సరైన సమయంలో కోర్టు మెట్లెక్కడం వల్ల దక్కిన పుటలివి.

మిగతా అధ్యక్షుల విషయంలో ఏం దొరుకుతుందో కూడా పోల్చి చూశాను. బిల్ క్లింటన్ 1998 ఆగస్టు 17న వైట్‌హౌస్‌లోని మ్యాప్ రూమ్ నుంచి వీడియో ద్వారా గ్రాండ్ జ్యూరీకి సాక్ష్యమిచ్చారు. సుమారు నాలుగు గంటల ఆ వీడియోను సెప్టెంబరు 21న దిగువ సభ విడుదల చేయగా, టీవీల్లో దేశమంతా చూసింది. ముప్పై ఆరేళ్లు పట్టిన నిక్సన్ సాక్ష్యం పక్కన అయిదు వారాలు పట్టిన క్లింటన్ సాక్ష్యాన్ని పెట్టి చూస్తే, విడుదలను నిర్ణయించేది కాలమా రాజకీయమా అన్న అనుమానం తప్పదు. రోనాల్డ్ రీగన్ 1990 ఫిబ్రవరిలో, పదవి దిగాక, తన మాజీ భద్రతా సలహాదారు పాయిండెక్స్టర్ మీది ఇరాన్-కాంట్రా కేసులో రెండు రోజులపాటు వీడియో ముందు ఇచ్చిన సాక్ష్యం కొద్ది రోజుల్లోనే బయటికి వచ్చింది. జార్జ్ బుష్ సంగతి మరోలా ఉంది. సెప్టెంబరు 11 దాడులపై ఏర్పడిన కమిషన్ ఎదుట 2004 ఏప్రిల్ 29న ఆయన, ఉపాధ్యక్షుడు డిక్ చెనీ కలిసి కూర్చున్నారు. ప్రమాణం లేదు, రికార్డింగు లేదు, స్టెనో లేడు. హాజరైనవారు రాసుకున్న గుర్తుల ఆధారంగా తయారైన పత్రం 2022 నవంబరులో బయటికి వచ్చింది. మూడు గంటలకు పైగా సాగిన సంభాషణకు దక్కినది అంతే. ఆ గదిలో ఒక్క స్టెనోను కూర్చోబెట్టి ఉంటే ఎంత మిగిలేదో నాకు తెలుసు. ఇక డొనాల్డ్ ట్రంప్, 2016 ఎన్నికల్లో రష్యా జోక్యంపై జరిగిన ముల్లర్ విచారణకు 2018 నవంబరులో ఇచ్చినవి రాతపూర్వక జవాబులు. 2019 ఏప్రిల్‌లో నివేదికకు అనుబంధంగా అవి వచ్చాయి. వాటిలో ప్రశ్న ఉంది, జవాబు ఉంది. కానీ తీరిగ్గా రాసిన జవాబుకు, ఎదుటివాడు మళ్లీ వెంటనే ప్రశ్న వేసినప్పుడు నోటినుంచి వచ్చే జవాబుకు తేడా ఎంతో, కోర్టులో ఒక్క పూట కూర్చున్నవారెవరైనా చెబుతారు.

జో బైడెన్ విషయం మాత్రం నా వృత్తికే ప్రశ్న వేసింది. రహస్య పత్రాల వ్యవహారంలో ప్రత్యేక విచారణాధికారి రాబర్ట్ హర్ 2023 అక్టోబరు 8, 9 తేదీల్లో ఆయనను ప్రశ్నించారు. లిఖిత పాఠం 2024 మార్చి 12న బయటికి వచ్చింది. గొంతు రికార్డింగు ఇవ్వడానికి మాత్రం ప్రభుత్వం ఒప్పుకోలేదు, మే నెలలో కార్యనిర్వాహక విశేషాధికారాన్ని, అంటే కొన్ని పత్రాలు ఇవ్వకుండా ఉండే అధ్యక్షుడి అధికారాన్ని, అడ్డు పెట్టింది. పాఠం ఇచ్చాం కదా, గొంతు ఎందుకన్నది వారి వాదం. 2025 మేలో ఆ శబ్దం ఒక వార్తా సంస్థ ద్వారా బయటికి వచ్చాక, పాఠంలో కనిపించని విరామాలు జనానికి వినిపించాయి. స్టెనోగా నేను ఒప్పుకోవలసింది ఇక్కడ ఉంది: ఎంత నమ్మకంగా రాసినా, మౌనానికి మా దగ్గర గుర్తు లేదు. నిక్సన్ పుటల్లో కూడా ఒక ప్రశ్నకూ దాని జవాబుకూ మధ్య ఎన్ని క్షణాలు గడిచాయో నేను ఎన్నటికీ తెలుసుకోలేను.

ఇదంతా చదువుతున్నప్పుడు మన దగ్గర పరిస్థితి ఏమిటన్న ఆలోచన వస్తుంది. దర్యాప్తు కాదు గాని, దానికి దగ్గరి సంగతి మనకూ ఉంది, అందులో ఇద్దరూ తెలుగువారే. 1969 రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డిపై గెలిచిన వరాహగిరి వెంకటగిరి ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. సంజీవరెడ్డిని కించపరుస్తూ పార్లమెంటు సభ్యుల మధ్య తిరిగిన ఒక కరపత్రం ఆ వివాదానికి కేంద్రం. 1970లో గిరిగారు, పదవిలో ఉన్న రాష్ట్రపతి, స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్షిగా నిలబడ్డారు. ఆ ఏడాదే పిటిషన్లు కొట్టివేశారు. గిరిగారు 1980లో ఈ మద్రాసులోనే కన్నుమూశారు. సంజీవరెడ్డిగారు 1996లో బెంగళూరులో పోయారు. నిక్సన్ కన్నా ఐదేళ్లు ముందే మన రాష్ట్రపతి బహిరంగ న్యాయస్థానంలో ప్రశ్నలకు జవాబు చెప్పారన్నది తెలుగువారు గర్వంగా చెప్పుకోదగిన విషయమని నేను నిజంగా నమ్ముతాను. ఆ తీర్పు చదవాలంటే ఇప్పుడు ఏ కష్టమూ లేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మొదలుపెట్టిన ఉచిత తీర్పుల సేవలో పాత సంపుటాలన్నీ వచ్చాయి. అది కూడా చాలా మంచి సేవ, దానికీ నేను కృతజ్ఞుణ్ణే. అయితే తీర్పులో సాక్ష్యం న్యాయమూర్తుల విశ్లేషణలో భాగంగా వస్తుంది. పుట పుటా ప్రశ్న, జవాబు వరుసగా అక్కడ ఉండవు. హైకోర్టు రికార్డుల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద కాకుండా, కోర్టు నియమాల ప్రకారమే కారణం చూపి దరఖాస్తు చేసి పొందాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు గుజరాత్ హైకోర్టు కేసులో చెప్పింది. నువ్వెవరివి, ఎందుకు అన్న ఆ ప్రశ్న నిక్సన్ పుటల దగ్గర నాకు ఎదురు కాలేదు.

చెన్నైకి సంబంధించిన మరో మాట. ఎమర్జెన్సీపై వేసిన షా కమిషన్ ఎదుట 1978లో ఇందిరా గాంధీ ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పడానికి నిరాకరించారు. ఆ కమిషన్ నివేదిక ప్రతులు 1980 తర్వాత దొరకడమే కష్టమైపోతే, మాజీ ఎంపీ ఇరా సెళియన్ తన దగ్గర దాచుకున్న ప్రతిని 2010లో ఈ నగరం నుంచే తిరిగి అచ్చు వేయించారు. అమెరికాలో కట్లర్ కోర్టుకు వెళ్లినదీ, ఇక్కడ సెళియన్ తన బీరువా తెరిచినదీ ఒకే సంవత్సరం.

ఈ పుటలు చదవదలచిన వారికి నాకు తోచిన పద్ధతి చెబుతాను. మొదటి పుట నుంచి వరుసగా మొదలుపెట్టవద్దు. టేపు చెరిగిన భాగం మీద ప్రశ్నలు ముందు చదవండి. అక్కడ విషయం ఒక్కటే కాబట్టి, పేర్ల గందరగోళం లేకుండా ప్రశ్న జవాబుల నడక పట్టుబడుతుంది. ఆ తర్వాత పన్ను శాఖ భాగానికి వెళ్లండి. రెబోజో డబ్బు సంగతి చివరికి పెట్టుకోండి, అది చిక్కుముడి. ఆంగ్లం తప్ప మరో భాషలో ఈ పాఠం లేదు. కానీ భాష కష్టమైనది కాదు, మాట్లాడిన ఆంగ్లం, న్యాయ పరిభాష తక్కువ. ఇద్దరు కలిసి చదివితే ఇంకా మేలు.

మేము అలాగే చదివాము. సెలవుల చివరి వారం మా మేనకోడలు ప్రాసిక్యూటరు ప్రశ్నలు పైకి చదివింది, నేను నిక్సన్ జవాబులు చదివాను. ఒక రోజు నేను పాత్ర మార్చి, ఇద్దరి మాటలూ తననే చదవమని, చాలా ఏళ్ల తర్వాత షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసి రాసుకున్నాను. రెండు పుటలకు వేళ్లు నొప్పి పట్టాయి గాని ఒక్క మాటా పోలేదు. ఒక చోట జవాబు దగ్గర ఆ పిల్ల తనంతట తానే ఆగింది. అక్కడ ఆగమని పుటలో ఏ గుర్తూ లేదు. ఎందుకు ఆగావని అడిగితే, “ఈ ప్రశ్నకు ఎవరైనా ఆగకుండా ఎలా చెబుతారు మావయ్యా?” అంది. నా నోట్‌బుక్కులో ఆ చోట ఒక చిన్న ఖాళీ వదిలాను.